బేరింగు మార్చాక కూడా తగ్గని చక్రాల హోరు

ప్రశ్న: మాది ముందు చక్రాలు లాగే చిన్న కారు. కొని తొమ్మిదేళ్లయింది, 85,000 కిలోమీటర్లు తిరిగింది. ఐదు నెలల క్రితం కుడివైపు ముందు చక్రం పెద్ద గుంతలో పడింది. ఆ తర్వాత కొన్నాళ్లకు, గంటకు 50 కిలోమీటర్లు దాటగానే కింది నుంచి గుయ్యిమని హోరు మొదలైంది. 80కి వచ్చేసరికి పక్కనున్నవారి మాట వినబడేది కాదు. ఎడమ మలుపుల్లో ఆ హోరు పెరిగేది, కుడి మలుపుల్లో తగ్గేది. మెకానిక్ చూసి కుడి ముందు చక్రం బేరింగు మార్చారు. శబ్దం కొంత తగ్గింది, మలుపుల్లో తేడా కూడా పోయింది, కానీ హోరు మాత్రం ఇంకా ఉంది. కొత్తగా వేసిన నున్నని తారు రోడ్డు మీద తక్కువగా, గరుకు రోడ్డు మీద ఎక్కువగా వినిపిస్తోంది. ఇప్పుడు ఒక వర్క్‌షాపులో మిగిలిన మూడు బేరింగులూ మార్చాలంటున్నారు. ఇంకోచోట సస్పెన్షన్ మొత్తం పోయిందంటున్నారు. టైర్లు 38,000 కిలోమీటర్లు నడిచాయి, ముందువి వెనక్కి, వెనుకవి ముందుకి ఒక్కసారి కూడా మార్చలేదు. మొదటి మెకానిక్ అనవసరంగా బేరింగు మార్చారా? ఇప్పుడు ఏం చేయమంటారు?

సమాధానం: మొదటి మెకానిక్ అనవసరమైన పని చేయలేదనే నా అభిప్రాయం. మీరు రాసిన వివరాలను వరుసగా చదివితే, మీ కారులో మొదటినుంచీ ఒకటి కాదు, రెండు శబ్దాలు కలిసి వినిపిస్తున్నాయని అనిపిస్తుంది. వాటిలో ఒకటి బేరింగుది, అది పోయింది. రెండోది టైర్లది అయ్యే అవకాశం చాలా ఎక్కువ, అది మిగిలింది. మిగిలిన మూడు బేరింగులకు ఇప్పుడే డబ్బు పెట్టకండి, సస్పెన్షన్ అంతా విప్పించకండి. ముందు వెనుక టైర్లను చేత్తో తడిమి చూడండి. ఎందుకు ఇలా అంటున్నానో, ఇది తప్పయితే ఆ సంగతి మీకు ఎలా తెలుస్తుందో వివరంగా రాస్తాను.

బేరింగు విషయం ముందు చూద్దాం. కారు ఎడమకు తిరుగుతున్నప్పుడు దాని బరువు కుడివైపు చక్రాల మీదికి ఒరుగుతుంది. కుడివైపు బేరింగులో గుండ్లు పరుగెత్తే గాడి చెడిపోయి ఉంటే, ఆ అదనపు బరువు కింద అది మరింత గట్టిగా హోరు పెడుతుంది. కుడి మలుపులో ఆ బరువు ఎడమకు పోతుంది కాబట్టి శబ్దం తగ్గుతుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదే. పైగా ఆ చక్రమే గుంతలో పడింది. గట్టి దెబ్బ తగిలినప్పుడు గుండ్లు గాడిలోని ఉక్కు మీద సన్నని నొక్కులు పెడతాయి. అవి ఆ రోజే అరవవు. కొన్ని వందల, వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ నొక్కుల అంచుల దగ్గర ఉక్కు పొరలుగా లేవడం మొదలవుతుంది, అప్పుడు హోరు వినబడుతుంది. దెబ్బకూ శబ్దానికీ మధ్య మీరు చెప్పిన కొన్నాళ్ల వ్యవధి ఇందుకు సరిపోతుంది. బేరింగు మార్చాక మలుపుల్లో తేడా మాయమైందంటే, తప్పున్న భాగాన్నే మార్చారని నమ్మవచ్చు. అయితే ఈ మలుపు పరీక్ష నూటికి నూరుపాళ్లు నమ్మదగినది కాదని కూడా చెప్పాలి. ఇప్పటి కార్లలో రెండు వరుసల గుండ్లున్న బేరింగులు ఉంటాయి. వాటిలో బరువు పడని వరుస చెడితే, ఒక్కోసారి బరువు తగ్గిన వైపే శబ్దం పెరుగుతుంది. అందుకే మలుపు పరీక్ష ఒక్కటే చూసి భాగాలు విప్పకూడదు, దానికి తోడు ఇంకో సాక్ష్యం ఉండాలి.

ఇక మిగిలిన హోరు. అది రోడ్డును బట్టి మారుతోందని మీరే రాశారు. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. బేరింగు చక్రం నడిమి భాగమైన హబ్బు లోపల ఉంటుంది, కింద ఉన్నది నున్నని తారా, గరుకు కంకరా అన్నది దానికి దాదాపుగా తెలియదు. దాని శబ్దం వేగాన్ని బట్టి, బరువును బట్టి మారుతుందే గానీ రోడ్డు మారగానే ఒక్కసారిగా తగ్గిపోదు. టైరు అలా కాదు, రోడ్డును తాకేది అదే కాబట్టి రోడ్డు మారితే దాని గొంతు మారుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గరుకు రోడ్డు మీద మంచి టైర్లు కూడా కొంత రొద చేస్తాయి, ఆ రొద కింద బేరింగు శబ్దం దాగిపోవచ్చు కూడా. కాబట్టి రెండు రోడ్ల మీదా వేగం ఒకటే ఉంచి, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, పాటలు ఆపి విని పోల్చాలి.

టైరు హోరూ బేరింగు హోరూ రెండూ వేగంతో పాటే పెరుగుతాయి కాబట్టి వాటి మధ్య తికమక పడటం సహజం. కొంచెం లెక్క వేసుకుంటే చెవికి పని తేలికవుతుంది. ఉదాహరణకు 185/65 ఆర్ 15 కొలత టైరును తీసుకుందాం. దాని చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 16.7 మీటర్లు పోతుంది, అంటే చక్రం సెకనుకు ఎనిమిదిన్నర సార్లు తిరుగుతుంది. రిమ్ము వంగినా, టైరు ఒకచోట ఉబ్బినా చుట్టుకొకసారి చొప్పున సెకనుకు ఎనిమిది తొమ్మిది దెబ్బలు పడతాయి. అది చెవికి హోరులా రాదు, సీటులోనో స్టీరింగులోనో అదురులా, దబదబలా తెలుస్తుంది. డజను గుండ్లున్న బేరింగులో బయటి గాడి మీద ఒకచోట ఉక్కు లేచిందనుకుంటే, చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఐదు గుండ్లు ఆ చోటును దాటుతాయి. గుండ్ల వరుస చక్రం వేగంలో సగానికి కొంచెం తక్కువగా తిరుగుతుంది కాబట్టి పన్నెండుకు పన్నెండూ దాటవు. అలా సెకనుకు నలభై పైచిలుకు దెబ్బలవుతాయి. అది కడుపులో తగిలే లోతైన గుర్రుమనే శబ్దం. అదే టైరు చుట్టూ ఇరవై చోట్ల ఎగుడుదిగుడుగా అరిగి ఉంటే సెకనుకు 170 దెబ్బలు, అంటే అంతకంటే స్పష్టంగా పైస్థాయిలో ఉండే గుయ్యిమనే పాట. ఈ అంకెలు ప్రతి కారుకూ మారతాయి. కానీ లోతైన గుర్రు బేరింగు వైపు, పైస్థాయి గుయ్యి టైరు వైపు మొగ్గుతాయన్న సంగతి చాలా కార్లకు వర్తిస్తుంది. బేరింగు మార్చక ముందు మీరు విన్నదీ ఇప్పుడు వింటున్నదీ ఒకే స్థాయిలో ఉన్నాయా, లేక అడుగున ఉన్న గుర్రు పోయి పైన ఉన్నది మాత్రమే మిగిలిందా అని ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇప్పుడు టైర్లను తడిమే పద్ధతి. కారు చల్లారాక, చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక టైరు పక్కన కూర్చోండి. ముందుగా కంటితో చూసి మేకులు, తీగలు, గాజు ముక్కలు లేవని నిర్ధారించుకోండి. తర్వాత అరచేతిని టైరు పైభాగం మీద ఆనించి, గట్టిగా నొక్కకుండా, టైరు తిరిగే దిశలో ఒకసారి, వెనక్కి ఒకసారి జరపండి. ఒకవైపు జరిపినప్పుడు నున్నగా పోయి, రెండోవైపు జరిపినప్పుడు రంపం పళ్లలా చేతికి తగిలితే, ఆ రబ్బరు దిమ్మెలు ఒక అంచు ఎత్తుగా ఒక అంచు పల్లంగా అరిగాయని అర్థం. ఆ తర్వాత అడ్డంగా, అంటే బయటి అంచు నుంచి లోపలి అంచుకు జరపండి. ఇక్కడ ఒకవైపే గరుకుగా తగిలితే చక్రాల అలైన్‌మెంటులో తప్పుంది, టైరు నేరుగా దొర్లకుండా కాస్త పక్కకు ఈడ్చుకుంటూ పోతోంది. చివరగా చేతిని నిదానంగా చుట్టూ తిప్పుతూ పోతే, జానెడు దూరానికో బెత్తెడు దూరానికో ఒక గుంట, మళ్లీ ఒక మిట్ట వస్తున్నాయేమో గమనించండి. అలా వస్తే టైరు రోడ్డు మీద స్థిరంగా నిలవకుండా ఎగిరెగిరి పడుతోందన్నమాట.

టైరు లోపలి అంచును మరిచిపోకండి. నిలబడి చూస్తే టైరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అరుగుదల అంతా కారు కిందివైపు అంచున ఉంటుంది. చాలా ఏళ్ల క్రితం నా సొంత కారుకు ఇలాంటి హోరే వస్తే, వెనుక బేరింగులు రెండూ మార్పించాను. శబ్దం పిసరంత కూడా తగ్గలేదు. విప్పి తీసిన పాత బేరింగులను చేతిలో తిప్పి చూస్తే నూనెలో తిరిగినట్టు నున్నగా తిరిగాయి. ఆ తర్వాత ఊడదీసి పక్కన పెట్టిన టైరు మీద, నేల మీద ఆనించడానికి వంగినప్పుడు, అనుకోకుండా చేయి పడింది. లోపలి అంచు పొడవునా రంపం పళ్లు. చక్రం కారుకు బిగించి ఉన్నంతకాలం ఆ అంచు నాకు కనబడలేదు. అప్పటినుంచి హోరు గురించి ఎవరు అడిగినా ముందు టైరు లోపలి అంచును చేత్తో తడిమాకే మిగతా మాట మాట్లాడుతున్నాను.

వెనుక టైర్లనే ముందు చూడమనడానికి కారణం ఉంది. మీ కారులో ముందు చక్రాలు లాగుతాయి, తిరుగుతాయి, బ్రేకు భారంలో ఎక్కువ వాటా మోస్తాయి. అవి త్వరగానే అరుగుతాయి గానీ, ఆ అరుగుదల చాలావరకు ఒకేలా ఉంటుంది. వెనుక చక్రాలు బరువు తక్కువగా ఉండి ఊరికే వెంట దొర్లుతాయి. వాటి మీద రబ్బరు దిమ్మెలు రంపం పళ్లలా అరగడం చాలా మామూలు విషయం. ఒక్కసారి కూడా టైర్లు మార్చుకోకుండా 38,000 కిలోమీటర్లు వెనుకే ఉండిపోయిన టైర్లు ఎలా ఉంటాయో ఊహించడం కష్టం కాదు. సాధారణంగా 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకొకసారి ముందువి వెనక్కి, వెనుకవి ముందుకి మార్చమనేది ఇందుకే.

చేతికి అనుమానం తగిలితే, దాన్ని రుజువు చేసే పరీక్ష చాలా సులువు. ముందు రెండు చక్రాలను వెనక్కి, వెనుక రెండింటిని ముందుకు, ఏ పక్కవి ఆ పక్కనే ఉండేలా మార్పించండి. ఒకే దిశలో తిరగమని పక్కన బాణం గుర్తున్న టైర్లయినా ఈ మార్పుకు ఇబ్బంది లేదు. ముందు, వెనుక టైర్ల కొలతలు వేరుగా ఉన్న కార్లకు మాత్రం ఇది కుదరదు. ఆ రోజు ఇంకే పనీ చేయించకండి, గాలి ఒత్తిడి కూడా కారు తలుపు దగ్గరి పట్టీ మీద రాసినంతే ఉంచండి. తర్వాత అదే రోడ్డు మీద, అదే వేగంతో పోయి వినండి. హోరు ముందుకు జరిగినా, స్థాయి మారినా, స్టీరింగులో సన్నగా గిలిగింతలా తెలిసినా, దోషం టైర్లదే. ఏమాత్రం తేడా లేకుండా శబ్దం ఉన్నచోటే ఉంటే, టైర్ల మీద నా అనుమానం తప్పు, అప్పుడు హబ్బుల వైపు చూడాలి. ఒక్క మాట ముందే చెబుతున్నాను: అరిగిన వెనుక టైర్లు ముందుకు వచ్చాక శబ్దం మునుపటికంటే పెరిగినట్టు అనిపించవచ్చు. దానికి కంగారు పడకండి, పరీక్ష ఫలితమే అది.

శబ్దం ముందుదో వెనుకదో డ్రైవరు సీటులో కూర్చుని తేల్చుకోవడం చాలా కష్టం. కారు అడుగు రేకు మొత్తం ఒక పెద్ద డోలులా పనిచేస్తుంది, వెనుక మొదలైన శబ్దం కాళ్ల కింద మోగుతుంది. నమ్మకమైన వారికి స్టీరింగు ఇచ్చి మీరు వెనుక సీటులో కూర్చోండి. సీటుబెల్టు పెట్టుకుని, ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు కూర్చుని వినండి. ఒకవైపు పొడవైన గోడ ఉన్న ఖాళీ దారిలో కిటికీ దించి పోతే, గోడకు తగిలి తిరిగి వచ్చే శబ్దం ఆ పక్క చక్రాలది కాబట్టి తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇంజను, గేర్‌బాక్సు సంగతి మీ కారు విషయంలో పెద్ద అనుమానం కాదు, అయినా ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఖాళీగా ఉన్న నేరుగా పోయే దారిలో హోరు వినిపించే వేగానికి వెళ్లి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయండి. కాలు తీసినా, మళ్లీ నొక్కినా హోరు అలాగే ఉంటే చక్రాల వైపే ఉందనుకోవచ్చు. నొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా పలికితే గేర్‌బాక్సు లేదా దాని బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ గురించి ఆలోచించాలి. మాన్యువల్ గేరు కారైతే క్లచ్ నొక్కి ఇంజను వేగం తగ్గనిచ్చి కూడా వినవచ్చు. ఇంజను తాళం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకండి. స్టీరింగు బిగుసుకుపోతుంది, బ్రేకుకు సాయం పోతుంది. ఇంజను బలాన్ని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్టు జాయింటు అరిగితే హోరు రాదు, స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమని వస్తుంది. దాన్ని ఇక్కడ పక్కన పెట్టవచ్చు.

టైర్లు మార్చి చూసినా హోరు కదలకపోతే, చక్రాన్ని పైకెత్తి చూడటం తర్వాతి మెట్టు. ఇది మెకానిక్ దగ్గర, మీరు పక్కన నిలబడి చేయించుకుంటే మంచిది. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి చేయి కూడా పెట్టకూడదు. గట్టి నేల, మిగతా చక్రాలకు అడ్డుదిమ్మెలు, జాకీతో పాటు స్టాండు తప్పనిసరి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చేతిని స్ప్రింగు మీద ఆనించాలి. మంచి బేరింగు ఉంటే స్ప్రింగులో ఏమీ తెలియదు. చెడిన బేరింగు ఉంటే, గడియారంలో పళ్లచక్రం తిరుగుతున్నట్టు, లేదా సన్న ఇసుక మీద గాజు దొర్లించినట్టు, వేళ్ల కొసలకు గరగర తగులుతుంది. చెవికి వినబడని దశలో కూడా వేలికి తెలుస్తుంది. ముందు చక్రాలకు డ్రైవ్ షాఫ్టు, గేర్‌బాక్సు కూడా తోడుగా తిరుగుతాయి కాబట్టి కొంత బరువుగా ఉంటుంది, బ్రేకు ప్యాడు రాసుకునే సర్రుమనే శబ్దం కూడా వస్తుంది. వాటికీ గరగరకూ తేడా తెలియాలంటే కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ ఒకదాని వెంట ఒకటి తిప్పి పోల్చాలి.

తర్వాత టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆడితే బేరింగు కావచ్చు, చక్రాన్ని సస్పెన్షన్ కింది చేతికి కలిపే లోయర్ ఆర్మ్ బాల్ జాయింటు కావచ్చు. వాటిలో ఏది అన్నది తేల్చడానికి ఒకరు బ్రేకు పెడలు నొక్కి పట్టుకోగా ఇంకొకరు ఊపాలి. బ్రేకు నొక్కినప్పుడు ఆట పోతే అది బేరింగులోది, బ్రేకు నొక్కినా ఆడుతూనే ఉంటే బాల్ జాయింటుది. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆడితే ముందు చక్రాలకు స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండును చూడాలి. ఆట లేదంటే బేరింగు బాగున్నట్టే అని తీర్మానించకండి, చాలా బేరింగులు వదులు కాకముందే హోరు పెడతాయి.

ఇంజనుతో చక్రాన్ని గాల్లో తిప్పి వినే పద్ధతి కొందరు వాడతారు. ఒక్క చక్రం మాత్రమే పైకెత్తి గేరులో పెడితే, రెండో చక్రం నేల మీద ఆగి ఉండగా ఈ చక్రం మీటరు చూపే వేగానికి రెండింతలు తిరుగుతుంది. ఆ ప్రమాదం దృష్ట్యా ఇంట్లో ఎవరూ చేయకూడదని గట్టిగా చెబుతున్నాను. మంచి వర్క్‌షాపులో లిఫ్టు మీద, వినే గొట్టం హబ్బుకు ఆనించి అనుభవమున్నవారు చేస్తే మాత్రం అది చక్కని పరీక్ష.

మీ విషయంలో కొత్త బేరింగును కూడా ఒకసారి చూడక తప్పదు. హబ్బులో బేరింగును ప్రెస్సు మీద నొక్కి ఎక్కించే రకం కార్లలో, బయటి రింగును ఎక్కించేటప్పుడు బలమంతా బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగును పట్టి నొక్కితే ఆ ఒత్తిడి గుండ్ల గుండా పోయి, డబ్బాలోంచి తీసిన రోజే కొత్త బేరింగు గాడిలో నొక్కులు పడతాయి. సుత్తితో కొట్టి ఎక్కించినా అంతే. డ్రైవ్ షాఫ్టు చివరి పెద్ద నట్టును తయారీదారు చెప్పిన టార్కుకు, అంటే బిగింపు బలానికి, టార్కు రెంచితోనే బిగించాలి. తక్కువ బిగిస్తే బేరింగు లోపల ఖాళీ మిగిలి త్వరగా పాడవుతుంది. చాలా కార్లలో ఆ నట్టును ఒకసారి విప్పాక కొత్తది వేయమని ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలూ మీ మెకానిక్‌ను మర్యాదగా అడగండి. సరిగ్గా చేసినవారు వెంటనే, వివరంగా జవాబు చెబుతారు. బేరింగు మార్చేటప్పుడు డిస్కు వెనుక ఉండే పలుచని రేకు వంగి డిస్కుకు రాసుకోవడం కూడా తరచు జరుగుతుంది. అది హోరు కాదు, సర్రుసర్రుమని లోహం గీసుకునే శబ్దం, బ్రేకు కొద్దిగా నొక్కితే మారుతుంది. వేలితో వెనక్కి వంచితే పోతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) దీపం వెలిగితే మాత్రం అయస్కాంతపు రింగు ఉన్న ఆ బేరింగును తిరగేసి వేశారేమో అడగాలి. మీరు ఆ దీపం గురించి రాయలేదు కాబట్టి అది లేదనుకుంటున్నాను.

ఇంకా ఒక చిన్న పని ఇవాళే చేయండి. చక్రం విప్పి మళ్లీ బిగించిన ఏ కారుకైనా 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లను మళ్లీ సరైన టార్కుకు బిగించి చూడాలి. చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఆ టార్కు 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు కచ్చితమైన అంకె యజమాని పుస్తకంలో ఉంటుంది. శబ్దాల వెతుకులాటలో అందరూ చివరికి చూసే ఈ నట్లను మొట్టమొదట చూడాలి, ఎందుకంటే మిగతా తప్పులు చెవిని బాధిస్తాయి, వదులైన నట్టు ప్రాణం తీస్తుంది.

సస్పెన్షన్ మొత్తం పోయిందన్న మాటను ఎలా అర్థం చేసుకోవాలో చెబుతాను. అది పూర్తిగా అబద్ధమని కూడా కొట్టిపారేయను. సస్పెన్షన్ భాగాలు తమంతట తాము గుయ్యిమని హోరు పెట్టవు. కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లు అరిగితే గుంతల్లో దడదడమంటాయి, లింక్ రాడ్డు వదులైతే చిన్న చిన్న గతుకుల్లో కటకటమంటుంది, పైన ఉండే మౌంటింగు చెడితే స్టీరింగు తిప్పినప్పుడు కిర్రుమంటుంది. నున్నని రోడ్డు మీద వేగంతో పాటు పెరిగే ఏకధాటి హోరు వీటిలో దేనిదీ కాదు. కానీ వెనుక షాక్ అబ్జార్బరు బలహీనపడితే టైరు రోడ్డు మీద ఎగిరెగిరి పడి గుంటలు గుంటలుగా అరుగుతుంది. ఇరుసు బుష్ అరిగి చక్రం వంకర తిరిగితే రంపం పళ్లలా అరుగుతుంది. అంటే తప్పు సస్పెన్షన్‌ది, అరిచేది టైరు. ఈ వరుస తెలియకపోతే డబ్బు రెండు విధాలుగా పోతుంది: టైర్లు మాత్రమే మార్చితే కొత్త టైర్లు కూడా కొన్నాళ్లకు అదే పాట అందుకుంటాయి, సస్పెన్షన్ మాత్రమే మార్చితే అరిగిన పాత టైర్లు అరుస్తూనే ఉంటాయి, అప్పుడు చేసిన పని వృథా అని మీకు అనిపిస్తుంది.

అందుకని టైరు మీద కనబడే అరుగుదలే మీకు దారి చూపించాలి. గుంటలు మిట్టలుగా ఉంటే షాక్ అబ్జార్బర్లను చూపించండి. పైన పలుచగా నూనె చెమ్మ ఉంటే అది మామూలే. నూనె ధారగా కారి, దుమ్ము అంటుకుని జిడ్డుగా పేరుకుంటే మార్చాలి, మార్చినప్పుడు ఎడమా కుడీ జతగానే మార్చాలి. కారు మూలను చేత్తో నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పాత పరీక్ష బాగా చెడిన షాక్‌నే పట్టిస్తుంది, సగం చెడినదాన్ని పట్టించదు. అడ్డంగా రంపం పళ్లు ఉంటే అలైన్‌మెంటు చూపించండి. ముందు చక్రాలు మాత్రమే కాక నాలుగు చక్రాలనూ కొలిచి, అంకెలున్న కాగితం మీ చేతికి ఇచ్చే చోట చూపించండి. చిన్న కార్లలో చాలావాటికి వెనుక ఇరుసు ఒకే దూలంగా ఉంటుంది, వెనుక చక్రాల కోణాలను సర్దే వీలు ఉండదు. అక్కడ అంకెలు తప్పుగా వస్తే దూలం వంగిందో, దాని బుష్‌లు అరిగాయో వెతకాలి. మీ కారు గుంతలో పడింది కుడి ముందు చక్రం అని రాశారు, కానీ ముందు చక్రం పడిన గుంతలోనే చాలాసార్లు వెనుక చక్రం కూడా పడుతుంది. అందుకే ఈ వెనుక కొలతలు అడిగి తీసుకోవాలి.

ఇక ఈలోపు కారు నడపవచ్చా అన్నది మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఆట లేకుండా, వేడి లేకుండా, హోరు మాత్రమే ఉంటే ఈ పరీక్షల కోసం, వర్క్‌షాపుకు వెళ్లడం కోసం నిదానంగా నడపవచ్చు. చక్రం ఊపితే ఆడుతున్నా, హోరు కాస్తా గరగరమని లోహం నలిగే శబ్దంగా మారినా, ఒక హబ్బు మిగతా వాటికంటే బాగా వేడెక్కినా, ఏబీఎస్ దీపం వెలుగుతూ ఆరుతూ ఉన్నా, ఆ కారును అక్కడే ఆపి లాగించుకుని వెళ్లాలి. వేడి చూడటానికి హబ్బును చేత్తో ముట్టుకోకండి. దూరం నుంచి చూపించే ఉష్ణమాపకంతో, బ్రేకు పెద్దగా వాడని దారిలో పదిహేను నిమిషాలు నడిపాక, ఎడమా కుడీ పోల్చండి. రెండింటి మధ్య పెద్ద తేడా ఉంటే బేరింగు గానీ, పట్టేసిన బ్రేకు గానీ కారణం అవుతుంది.

టైర్లే దోషులని తేలిందనుకుందాం. అప్పుడు వెంటనే కొత్తవి కొనాలా? టైరు గాడుల మధ్య ఉండే గుర్తు దిమ్మెల దాకా, అంటే 1.6 మిల్లీమీటర్ల లోతు దాకా అరిగి ఉంటే ఆలోచించే పనే లేదు, మార్చాలి. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. వయసు బాగా మళ్లి రబ్బరు గట్టిపడి, పగుళ్లు కనబడుతుంటే లోతు మిగిలినా వాటి మీద మమకారం వదులుకోవడం మంచిది. లోతు, వయసు రెండూ బాగుంటే, వాటిని ముందు చక్రాలకే ఉంచి నడపండి. లాగే చక్రాల మీద రంపం పళ్లు కొన్ని వేల కిలోమీటర్లలో కొంతవరకు సర్దుకుంటాయి. లోతైన గుంటలు పడ్డ టైరు మాత్రం సర్దుకోదు, అరిగేదాకా అరుస్తూనే ఉంటుంది. రెండు టైర్లే కొనగలిగితే కొత్తవి వెనుక వేయించండి, ముందు చక్రాలు లాగే కారైనా సరే. తడి రోడ్డు మీద వెనుక చక్రాలు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం ముందు చక్రాలు జారినప్పటికంటే చాలా కష్టం.

మీ మొదటి మెకానిక్ దగ్గరికే మళ్లీ వెళ్లండి. బేరింగు మార్చాక మలుపుల్లో తేడా పోయిందని, మిగిలిన హోరు రోడ్డును బట్టి మారుతోందని ఆయనకు ఇదే మాటల్లో చెప్పి, టైర్లు ముందూ వెనుకా మార్చి చూపించమని అడగండి. అప్పటిదాకా మిగిలిన మూడు బేరింగుల మీద స్పానరు పెట్టనివ్వకండి.